జేబులో పట్టే ట్రంపెట్

ముందు ఆ వాయిద్యం సంగతి చెప్పాలి. ట్రంపెట్ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపులో బ్యాండ్ మేళం వాళ్ళు బుగ్గలు ఉబ్బించి ఊదే పొడవాటి ఇత్తడి బూర. దాని గొట్టాన్ని మొత్తం విప్పి సాగదీస్తే ఐదడుగులకు కాస్త తక్కువ ఉంటుంది. అదే గొట్టాన్ని ఇంకా ఎక్కువ చుట్లు చుట్టి, అరచేతిలో ఇమిడేంత చిన్నగా చేస్తే దాన్ని పాకెట్ ట్రంపెట్ అంటారు. గొట్టం పొడవు మారలేదు కాబట్టి శ్రుతి కూడా మారదు. మన బ్రాంచ్ భాషలో జిప్ చేసిన ఫైల్ అన్నమాట. సైజు తగ్గింది, లోపల డేటా అలాగే ఉంది. చూడ్డానికి మాత్రం పిల్లల బొమ్మలా ఉంటుంది. 1950ల చివర్లో, అమెరికాలో జాజ్ వాయించేవాళ్ళు మెరిసే పెద్ద పెద్ద ట్రంపెట్లు పట్టుకుని స్టేజీ ఎక్కుతున్న రోజుల్లో, ఒక సన్నటి కుర్రాడు పాకిస్తాన్‌లో తయారైన ఇలాంటి బుల్లి బూర పట్టుకుని వచ్చాడు. నవ్విన వాళ్ళు నవ్వారు. ఆ కుర్రాడి పేరు డాన్ చెర్రీ.

నేను ఆయన దగ్గరికి దొడ్డిదారిన వచ్చాను. 1997లో వచ్చిన సేవ్ టునైట్ అనే పాట మీలో కొంతమంది ప్లేలిస్టుల్లో ఇప్పటికీ ఉంటుంది. గిటార్ నేర్చుకునే ప్రతివాడూ ముందు దాని నాలుగు కార్డ్స్ మీదే పడతాడు. అది పాడిన ఈగల్ ఐ చెర్రీ ఎవరా అని వెతికితే, వాళ్ళక్క నెనె చెర్రీ 1988లో బఫెలో స్టాన్స్ అనే పాటతో ఇంగ్లండ్‌ని ఊపేసిన గాయని అని తెలిసింది. ఇద్దరినీ పెంచిన నాన్న డాన్ చెర్రీ అని తర్వాత తెలిసింది. పిల్లల పాటలు మూడు నిమిషాలు. నాన్న పాట నొక్కితే పద్నాలుగు నిమిషాలు, పైగా దాని పేరు మాల్కౌంస్! తంబురా మోగుతోంది. అమెరికా జాజ్ మనిషికి తంబురాతో ఏం పని అని మొదలైన నా వెతుకులాట ఈ సెమిస్టర్ అంతా సాగింది.

డాన్ చెర్రీ 1936 నవంబర్ 18న ఓక్లహామాలో పుట్టాడు. నాన్న నల్లజాతి అమెరికన్, అమ్మ వైపు చాక్టా అనే ఆదివాసీ తెగ రక్తం. నాన్న చెర్రీ బ్లాసమ్ అనే క్లబ్ నడిపేవాడు కాబట్టి ఇంట్లో సంగీతం అన్నం లాంటిదే. పిల్లాడికి నాలుగేళ్ళు ఉండగా కుటుంబం లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ అనే పేటకి మారింది. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది.

హైస్కూల్ కథ నాకు భలే నచ్చింది. మనం క్లాస్ బంక్ కొడితే సినిమాకో క్యాంటీన్‌కో పోతాం. ఇతను తన స్కూల్ బంక్ కొట్టి ఇంకో స్కూల్‌కి వెళ్ళేవాడు! చదివేది ఫ్రీమాంట్ హైస్కూల్. కానీ జెఫర్సన్ హైస్కూల్‌లో మంచి స్వింగ్ బ్యాండ్ ఉంది. దాంట్లో వాయించడానికి అటెండెన్స్ గాలికి వదిలేశాడు. చివరికి అధికారులు పట్టుకుని, దారి తప్పిన కుర్రాళ్ళని పెట్టే జేకబ్ రీస్ అనే సంస్కరణ పాఠశాలకి పంపారు. శిక్ష పడ్డ ఆ చోటే బిల్లీ హిగిన్స్ అనే డ్రమ్మర్ కుర్రాడు పరిచయమయ్యాడు. ఇరవై ఏళ్ళు దాటాక జాజ్ చరిత్రని మార్చిన బ్యాండ్‌లో ఆ డ్రమ్మరూ ఈ ట్రంపెటరూ పక్కపక్కనే ఉన్నారు.

ఆ బ్యాండ్ ఆర్నెట్ కోల్‌మన్‌ది. ఇక్కడ కొంచెం ఆగి ఆయన చేసిందేంటో చెప్పకపోతే చెర్రీ అర్థం కాడు. అప్పటిదాకా జాజ్‌లో సోలో అంటే ఒక పద్ధతి ఉండేది. పాటలో కార్డ్స్ వరస ఒకటి ఉంటుంది, ముప్ఫై రెండు బార్లు అనుకోండి. అది ఫర్ లూప్‌లా మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే, దాని మీద వాయించేవాడు తన కల్పన చూపించాలి. లూప్ ఎక్కడుందో మర్చిపోతే పరువు పోయినట్టే. కోల్‌మన్ ఆ లూప్ తీసేశాడు. మొదట ఒక ట్యూన్ కలిసి వాయిస్తారు. తర్వాత ఆ ట్యూన్ ఇచ్చిన ఊపు ఎటు తీసుకెళ్తే అటు, పక్కవాడిని వింటూ వెళ్ళడమే. మన రాగాలాపన విన్నవాళ్ళకి ఇది అంత వింతగా ఉండదు. ఆలాపనలో కార్డ్స్ ఉండవు, తిరిగే లూప్ ఉండదు, రాగం ఒక్కటే దారి. వీళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఆ రాగం కంచె కూడా తీసేశారు. 1950ల అమెరికాకి మాత్రం ఇది సంగీతం రానివాళ్ళ గోలలా వినిపించింది.

కోల్‌మన్ ప్లాస్టిక్ శాక్సఫోన్ వాయించేవాడు, పక్కనే చెర్రీ చేతిలో పాకెట్ ట్రంపెట్. ఆటబొమ్మల దుకాణంలా ఉన్న ఈ జంట 1958లో మొదటి రికార్డు చేసింది. 1959 నవంబర్‌లో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే క్లబ్‌లో ఎక్కింది. రెండు వారాల కోసం మాట్లాడుకున్న కచేరీలు రెండు నెలలు దాటి సాగాయి. ఊళ్ళో ఉన్న సంగీతకారులంతా వచ్చి విన్నారు, సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది తిట్టుకున్నారు. లెనర్డ్ బర్న్‌స్టైన్ లాంటి సింఫనీ కండక్టర్ మెచ్చుకున్నాడు, మైల్స్ డేవిస్‌కి అనుమానం తీరలేదు. చెర్రీ వయసు అప్పుడు ఇరవై మూడు. మన సీనియర్ల కంటే ఒకటి రెండేళ్ళు ఎక్కువ, అంతే.

ఒక చిన్న ప్రయోగం చేయమని అడుగుతాను. 1960 డిసెంబర్‌లో రికార్డు చేసిన ఫ్రీ జాజ్ అనే ఆల్బమ్‌ని హెడ్‌ఫోన్స్‌తో వినండి. దాంట్లో ఎనిమిది మంది ఉన్నారు, నలుగురు నలుగురుగా రెండు జట్లు. ఒక జట్టు మొత్తం ఎడమ చెవిలో, ఇంకో జట్టు మొత్తం కుడి చెవిలో వినిపిస్తుంది. చెర్రీ ఎడమ చెవిలో ఉంటాడు. కుడి చెవిలో ఫ్రెడ్డీ హబర్డ్ అనే ట్రంపెటర్. హబర్డ్ చాలా గట్టి పిండం. నిండుగా, దిట్టంగా, ఎక్కడా తడబడకుండా ఊదుతాడు. చెర్రీ స్వరం దాని పక్కన సన్నగా, గాలి కలిసిపోయి, ఒక్కోసారి పగిలిపోతూ ఉంటుంది. ట్రంపెట్ టెక్నిక్ పోటీ పెడితే హబర్డ్ గెలుస్తాడు, సందేహం లేదు. చెర్రీకి టెక్నిక్ చాలదు అని విమర్శకులు జీవితాంతం అన్నారు. కొంతవరకు నిజమే. కానీ ముప్ఫై ఏడు నిమిషాలు విన్నాక నాకు గుర్తుండిపోయింది ఎడమ చెవే. ఎవరో వాయిస్తున్నట్టు కాకుండా ఎవరో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

ఆ న్యూయార్క్ రోజుల్లోనే హెరాయిన్ కూడా ఆయన జీవితంలోకి వచ్చింది. దీని గురించి తర్వాత చెప్తాను. కానీ ఇకపై చెప్పబోయే ప్రతి ఏడాదిలో అది కూడా పక్కనే ఉందని గుర్తుపెట్టుకోండి.

1963 ప్రాంతంలో సోనీ రోలిన్స్ బ్యాండ్‌తో యూరప్ వెళ్ళినప్పుడు స్టాక్‌హోమ్‌లో మోకీ కార్ల్‌సన్ అనే స్వీడిష్ అమ్మాయి పరిచయమైంది. బట్టల డిజైన్ చదువుకుంటున్న చిత్రకారిణి. 1964లో ఆమెకి పుట్టిన నెనెకి కన్నతండ్రి సియెరా లియోన్ నుంచి వచ్చిన ఒక డ్రమ్మర్. చెర్రీ ఆ పాపని తన కూతురిగానే పెంచాడు, తన ఇంటిపేరు ఇచ్చాడు. ఈగల్ ఐ 1968లో పుట్టాడు. ప్రపంచ సంగీతాలని కలిపాడు అని ఈయన గురించి అందరూ రాస్తారు. ఆ కలపడం స్టేజీ మీద కంటే ముందు ఇంట్లోనే జరిగింది.

1965లో ప్యారిస్‌లో ఒక చిన్న క్లబ్‌లో ఆయన బ్యాండ్ నడిచింది. అర్జెంటీనా శాక్సఫోనిస్టు గాటో బార్బియెరి, జర్మనీ వైబ్రాఫోన్ వాద్యకారుడు కార్ల్ బెర్గర్ అందులో ఉన్నారు. బెర్గర్ తర్వాత చెప్పిన సంగతి ఏంటంటే, చెర్రీ చెవి దగ్గర ఎప్పుడూ ఒక షార్ట్‌వేవ్ రేడియో ఉండేదట. ఏ దేశం స్టేషన్ తగిలితే ఆ దేశం పాట వినడం, రాత్రికి స్టేజీ మీద అదే ట్యూన్ వాయించేయడం. బ్యాండ్‌లో వాళ్ళకి ముందుగా చెప్పడు, కాగితం ఇవ్వడు, వెంట రావాల్సిందే. ఒక ట్యూన్ నుంచి ఇంకోదానికి మధ్యలో ఆపకుండా దూకేవాడు. ఆ పద్ధతిలోనే అదే ఏడాది డిసెంబర్‌లో కంప్లీట్ కమ్యూనియన్ అనే ఆల్బమ్ చేశాడు. రికార్డు రెండు వైపులా రెండే రెండు పొడవాటి ముక్కలు, ఒక్కోదాంట్లో నాలుగు ట్యూన్లు దారం మీద పూసల్లా. యూట్యూబ్ లేని కాలంలో షార్ట్‌వేవ్ రేడియోనే ఆయనకి యూట్యూబ్. మనకి ఉన్నదాంట్లో వెయ్యో వంతు కూడా ఆయనకి అందుబాటులో లేదు. అయినా మనం మన అల్గారిథమ్ చూపించిన పది పాటలే తిప్పి తిప్పి వింటాం.

1968లో బెర్లిన్‌లో ఎటర్నల్ రిథమ్ వాయించినప్పుడు ఇండోనేషియా గామెలాన్ వాయిద్యాలు, రకరకాల వేణువులు స్టేజీ మీదకి తెచ్చాడు. మరుసటి ఏడాది ప్యారిస్‌లో మూ అనే రికార్డు. దాంట్లో ఇద్దరే ఇద్దరు: ఈయన, డ్రమ్మర్ ఎడ్ బ్లాక్‌వెల్. ట్రంపెట్ పక్కన పెట్టి పియానో, వేణువు, గొంతు, ఏది చేతికొస్తే అది. ఒక వాయిద్యంలో మాస్టర్ అవడం అనే లక్ష్యాన్ని ఈ దశలో ఆయన వదిలేశాడని నా అభిప్రాయం.

ఇప్పుడు మన సీఎస్ఈ వాళ్ళు కొంచెం నిటారుగా కూర్చోండి. 1970లో చెర్రీ అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కొంతకాలం సంగీతం చెప్పాడు. డార్ట్‌మత్ అంటే 1964లో బేసిక్ లాంగ్వేజ్ పుట్టిన కాలేజీ. ఒకే కంప్యూటర్‌ని బోలెడు మంది విద్యార్థులు ఒకేసారి వాడుకునే టైమ్ షేరింగ్ పద్ధతిని క్యాంపస్ అంతా నడిపిన చోటు. అక్కడ జాన్ ఆపిల్‌టన్ అనే ప్రొఫెసర్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియో నడుపుతున్నాడు. వీళ్ళిద్దరూ కలిసి హ్యూమన్ మ్యూజిక్ అనే ఆల్బమ్ చేశారు. ఒక పక్క సింథసైజర్, ఇంకో పక్క నోటితో ఊదేవి, చేత్తో కొట్టేవి. అప్పటి సింథసైజర్ అంటే ల్యాప్‌టాప్‌లో తెరిచే సాఫ్ట్‌వేర్ కాదు. ఆసిలేటర్లు, ఫిల్టర్లు, వాటిని కలిపే వైర్లు, ఒక్కో శబ్దం కోసం చేత్తో తిప్పాల్సిన నాబ్‌లు. మన ల్యాబ్‌లో బ్రెడ్‌బోర్డు మీద వైర్లు గుచ్చినట్టు ఉంటుంది. ఇప్పుడు సేవ్ చేసి రేపు తెరుద్దాం అనే సౌకర్యం లేదు.

ఆ ఆల్బమ్ వినడానికి హాయిగా ఉంటుందని అబద్ధం చెప్పను. కొన్నిచోట్ల చెవిలో కీచురాయి దూరినట్టు ఉంటుంది. కానీ పేరు చూడండి, మానవ సంగీతం అని పెట్టారు. మిషన్ గర్రుమంటుంటే చెర్రీ దానికి వేణువుతో జవాబు చెప్తాడు, అది కూడా ఊరి నుంచి వచ్చిన ఇంకో వాద్యకారుడు అన్నట్టు. మిషన్ వస్తే మనిషి సంగీతం పోతుందని ఆయన భయపడినట్టు ఎక్కడా వినిపించదు. ఏఐ పాటల గురించి మన గ్రూపుల్లో జరిగే గొడవలు చదివినప్పుడల్లా నాకు ఈ రికార్డు గుర్తొస్తుంది. మరో సంగతి, ఆపిల్‌టన్ అక్కడే ఇంకో ఇద్దరు ఇంజినీర్లతో కలిసి 1970ల మధ్యలో సింక్లావియర్ అనే డిజిటల్ సింథసైజర్ తయారుచేశాడు. మైకెల్ జాక్సన్ బీట్ ఇట్ మొదట్లో ధణ్ ధణ్ మని వచ్చే గంట శబ్దం ఆ సింక్లావియర్‌దే. అప్పటికి చెర్రీ అక్కడ లేడు, ఎప్పుడో వెళ్ళిపోయాడు.

వెళ్ళింది స్వీడన్‌కి. దక్షిణ స్వీడన్‌లో టోగార్ప్ అనే పల్లెలో ఒక పాత బడి భవనం కొనుక్కుని 1970లో ఆ కుటుంబం అక్కడ దిగింది. బడి ఎగ్గొట్టినందుకు శిక్ష పడ్డ మనిషి చివరికి బడిలోనే కాపురం పెట్టాడు, చూడండి! మోకీ రంగురంగుల గుడ్డ ముక్కలు కుట్టి పెద్ద పెద్ద తెరలు తయారుచేసేది. అవే కచేరీకి బ్యాక్‌డ్రాప్, అవే ఇంటి గోడలకి అలంకారం. ఆల్బమ్ అట్టల మీద బొమ్మలు ఆమెవి, తంబురా వాయించేది ఆమే, వచ్చిపోయే సంగీతకారులకి వండిపెట్టేదీ ఆమే. ఇంటికీ స్టేజీకీ తేడా లేకుండా చేయాలన్నది ఇద్దరి ఆలోచన. 1971లో స్టాక్‌హోమ్‌లోని మోడర్న్ మ్యూజియం ఎగ్జిబిషన్‌లో గోళాకారపు డోమ్ ఒకటి కట్టి, పిల్లలతో సహా అందులో ఉంటూ, రోజూ వచ్చిన జనంతో కలిసి వాయించారు. స్వీడన్ బడుల్లో పిల్లలకి వర్క్‌షాపులు పెట్టారు. అప్పటి ఆల్బమ్ ఆర్గానిక్ మ్యూజిక్ సొసైటీలో టర్కీ డ్రమ్మర్ ఒకాయ్ తెమిజ్ లాంటి గట్టి వాద్యకారుల పక్కనే పిల్లల గొంతులు కూడా వినిపిస్తాయి. శ్రుతి అక్కడక్కడా జారుతుంది, తీసేయలేదు.

ఇదే కాలంలో పోలెండ్ స్వరకర్త పెండెరెట్స్కీ జర్మనీలో తన రచనని ఈయన బృందంతో వాయింపించాడు. హొడొరోవ్‌స్కీ తీసిన ద హోలీ మౌంటెన్ సినిమా సంగీతంలోనూ ఈయన చెయ్యి ఉంది. అవన్నీ చెప్తూ పోతే పేజీలు చాలవు. ఆయన వసంత్ రాయ్ దగ్గర హిందుస్తానీ నేర్చుకున్న సంగతి మాత్రం చెప్పాలి. వసంత్ రాయ్ సరోద్ వాద్యకారుడు, అల్లావుద్దీన్ ఖాన్ శిష్యుడు, అంటే రవిశంకర్ వచ్చిన గురుపరంపరే. అప్పటికే ప్రపంచమంతా తెలిసిన చెర్రీ, ముప్ఫై అయిదు దాటిన వయసులో సరిగమల దగ్గర కూర్చున్నాడు.

దాని ఫలితమే నేను మొదట్లో చెప్పిన మాల్కౌంస్. 1975లో వచ్చిన ఈ ఆల్బమ్‌కి ఇప్పుడు బ్రౌన్ రైస్ అని పేరు. మొదటి పాటలో ఎలక్ట్రిక్ పియానో, ఎలక్ట్రిక్ బాంగోలు, గుసగుసగా ఏదో చెప్తున్న చెర్రీ గొంతు. రాత్రి పన్నెండుకి హాస్టల్ కారిడార్‌లో వింటే కాస్త దెయ్యాల సినిమాలా ఉంటుంది. మాల్కౌంస్ మాత్రం వేరే లోకం. మోకీ తంబురా మీద చార్లీ హేడెన్ డబుల్ బేస్ మెల్లగా, చాలాసేపు, ఒక్కడే నడుస్తాడు. మన ఆలాపనలాగే. ఎప్పటికో చెర్రీ ట్రంపెట్, వెనక బిల్లీ హిగిన్స్ డ్రమ్స్. అవును, ఆ సంస్కరణ పాఠశాల హిగిన్సే.

హిందుస్తానీ మాల్కౌంస్‌కి మన కర్ణాటక సంగీతంలో జోడీ హిందోళం. అయిదే స్వరాలు, రిషభం, పంచమం ఉండవు. శంకరాభరణం సినిమాలో సామజవరగమన విన్నవాళ్ళందరికీ ఆ రాగం తెలుసు, పేరు తెలియకపోయినా. నాకు శాస్త్రీయ సంగీతం రాదు కాబట్టి, ఎనిమిదేళ్ళు నేర్చుకున్న మా అక్కకి ఈ ట్రాక్ పంపాను. ఆమె తీర్పు కఠినంగానే వచ్చింది. ఇది హిందోళం వాయించడం కాదురా, హిందోళం ఉన్న ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళడం అంది. గమకం లేదు, స్వరాల మధ్య బాధ్యత లేదు అంది. అరగంట తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది, ఆ బేస్ వాయించింది ఎవరని.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది, దాన్ని దాటేసి ఈయన్ని పొగడటం నాకు ఇష్టం లేదు. ఎవరిదో సంప్రదాయం, వందల ఏళ్ళు కూర్చుని పెంచుకున్నది. ఇంకెవరో వచ్చి రుచి చూసి, నచ్చిన ముక్క తీసుకుని, తన ఆల్బమ్ అట్ట మీద తన పేరు వేసుకుంటే దాన్ని ఏమనాలి? ఆ రోజుల్లో సితార్ శబ్దాన్ని కొత్తిమీరలా పైన చల్లుకున్న పాశ్చాత్య బ్యాండ్లు బోలెడు. చెర్రీ కూడా అంతేనా?

కాదు అనే నేను అనుకుంటాను, పూర్తిగా నిర్దోషి అని కాదు గానీ. ఒకటి, ఆయన శబ్దాన్ని తీసుకురాలేదు, మనుషుల దగ్గరికి వెళ్ళాడు. 1978లో ప్యారిస్‌లో తబలా విద్వాంసుడు లతీఫ్ అహ్మద్ ఖాన్‌తో చేసిన రికార్డు వినండి. తబలా వెనకపాటగా ఉండదు, ఇద్దరూ సమానంగా మాట్లాడుకుంటారు. చాలాచోట్ల లతీఫ్ ఖానే ముందు నడుస్తాడు. రెండు, మాలి దేశపు వేటగాళ్ళు వాయించే డూసున్‌గూనీ అనే సొరకాయ బుర్ర వీణ నేర్చుకున్నాక దాన్ని ఒక పాటలో వాడి వదిలేయలేదు, చివరిదాకా మోసుకు తిరిగాడు. అయితే అక్క మాట కూడా తీసేయలేను. ఇన్ని ఇళ్ళ ముందు నుంచి నడిచినవాడు ఏ ఇంట్లోనూ పూర్తిగా ఉండలేదు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగులో ఆలోచించి, హిందీ పాటలు వింటూ, ఏ భాషలోనూ నిండుగా పది నిమిషాలు మాట్లాడలేని నా లాంటివాడికి ఆ విమర్శ కొంచెం గుచ్చుకుంటుంది. అందుకే ఆయన వైపు వాదిస్తున్నానేమో కూడా.

ఈ పద్ధతి అన్నిటికంటే బాగా పండింది కొడోనా అనే ముగ్గురి బృందంలో. కాలిన్ వాల్కాట్, డాన్, నానా వాస్కొన్సెలోస్, ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. వాల్కాట్ అమెరికన్, రవిశంకర్ దగ్గర సితార్, అల్లారఖా దగ్గర తబలా నేర్చుకున్నవాడు. వాస్కొన్సెలోస్ బ్రెజిల్ మనిషి, విల్లులాంటి బెరింబావ్ అనే ఒంటి తీగ వాయిద్యంతో అద్భుతాలు చేసేవాడు. 1979 నుంచి 1983 వరకు మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. ఏ దేశం సంగీతం అని అడిగితే చెప్పలేం. ఈయన గురించి కొత్తగా వినేవాళ్ళు ఇక్కడ మొదలుపెడితే మంచిది. పరీక్షల రోజుల్లో చదువుకుంటూ వినడానికి కూడా బాగుంటుంది. 1984 నవంబర్‌లో వాల్కాట్ తూర్పు జర్మనీలో బస్సు ప్రమాదంలో చనిపోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు. కొడోనా అక్కడితో ఆగిపోయింది.

హెరాయిన్ సంగతి తర్వాత చెప్తానన్నాను. టోగార్ప్ బడిలో రంగుల తెరల మధ్య పిల్లలు పాడుతున్న ఫొటోలు చూస్తే స్వర్గం అనిపిస్తుంది. ఆ ఇంట్లోనే ఈ జబ్బు కూడా ఉంది. మానేయడం, మళ్ళీ పడిపోవడం, మళ్ళీ మానేయడం. ఆయన ఊళ్ళు పట్టి తిరుగుతుంటే ఇల్లు, పిల్లలు, డబ్బు లెక్కలు మోకీ మీద. సొంతంగా పెద్ద కళాకారిణి కావలసిన మనిషి దశాబ్దాలపాటు ఫలానావాడి భార్యగానే లెక్కలోకి వచ్చింది. ఆమె తెరలు మ్యూజియంలకి చేరి గుర్తింపు రావడం ఎక్కువగా 2009లో ఆమె పోయిన తర్వాతే. నెనె 2024లో రాసిన జ్ఞాపకాల పుస్తకంలో నాన్న మీద ప్రేమనీ, నాన్న వ్యసనాన్నీ రెండింటినీ దాచకుండా పెట్టింది.

డ్రగ్స్ ఉంటేనే గొప్ప సంగీతం వస్తుందని రాత్రి రెండింటికి హాస్టల్ టెర్రస్ మీద తత్వం చెప్పే మేధావులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. చార్లీ పార్కర్ పేరు చెప్తారు, ఇంకెవరి పేరో చెప్తారు. నేను విన్నంతవరకు చెర్రీ మంచి సంగీతానికి కారణాలు వేరు: షార్ట్‌వేవ్ రేడియో, కొత్తవాళ్ళ పక్కన కూర్చోవడం, మోకీ. హెరాయిన్ ఇచ్చింది ఎగ్గొట్టిన కచేరీలు, మధ్యలో ఆగిన పనులు, చెడిపోయిన ఒళ్ళు.

అయినా చివరిదాకా వాయించాడు. లూ రీడ్ రాక్ ఆల్బమ్‌లో, ఇయన్ డ్యూరీ బ్యాండ్‌తో టూర్లలో, పదిహేడు పద్దెనిమిదేళ్ళ నెనె పాడిన రిప్ రిగ్ అండ్ పానిక్ అనే పోస్ట్ పంక్ బ్యాండ్‌తో కూడా. కూతురి బ్యాండ్‌లో గెస్ట్‌గా ట్రంపెట్ ఊదే నాన్నలు ఎంతమంది ఉంటారు? 1976 నుంచి ఓల్డ్ అండ్ న్యూ డ్రీమ్స్ పేరుతో పాత కోల్‌మన్ మిత్రులతో కలిసి ఆ పాత సంగీతాన్ని మళ్ళీ బతికించాడు. 1990లో వచ్చిన ఆల్బమ్‌కి మల్టీకల్టీ అని పేరు పెట్టాడు. 1995 అక్టోబర్ 19న స్పెయిన్‌లోని మాలగాలో కాలేయం చెడి చనిపోయాడు. యాభై తొమ్మిది నిండటానికి ఒక నెల తక్కువ. ఈగల్ ఐ పాట ప్రపంచమంతా మోగింది ఇంకో రెండేళ్ళకి. ఆయన వినలేదు.

2012లో నెనె, ద థింగ్ అనే స్కాండినేవియా జాజ్ బృందంతో కలిసి ఒక ఆల్బమ్ చేసింది. అందులో గోల్డెన్ హార్ట్ అనే పాట ఉంది. అది కంప్లీట్ కమ్యూనియన్‌లోని నాలుగు ట్యూన్లలో మూడోది. నాన్న దాన్ని రికార్డు చేసినప్పుడు నెనె ఇంకా రెండేళ్ళు నిండని పాప, పాల్గొన్నవాళ్ళెవరూ దాన్ని పాడలేదు, అంతా వాయిద్యాలే. నలభై ఏడేళ్ళ తర్వాత ఆ ట్యూన్‌ని ఆమె గొంతుతో పాడింది.